పదకొండో బిళ్ళ

మల్కాపురం దాటాక డ్రై డాకులో ఓడ.
నీళ్ళు తీసేసిన ఓడ పంచె జారిన పెద్దమనిషిలా ఉంటుంది,
ఎటు చూడాలో మనకే తెలీదు.
దాని కడుపులో తొట్టి, తొట్టికో కన్నం,
కన్నం పక్కన ప్లాస్టిక్ స్టూలు,
స్టూలు మీద నేను.

కన్నానికి కాపలా. అదే ఉద్యోగం.
"కూకున్నందుకు జీతవేటే నూకరత్నం?"
అంటుంది మా ఆడపడుచు, చారు పోస్తూ.
నిజమే. వెల్డింగు చెయ్యను, తుప్పు గీకను.
దిగినవాళ్ళందరూ ఎక్కేదాకా
లేవకపోవడమే నా పని.
ఒంటికి వెళ్ళాలన్నా ఇంకో మనిషి వచ్చి
ఈ స్టూలు మీద కూర్చోవాలి.

చెక్క పలక, దానికి మేకులు.
దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ తగిలించి దిగుతాడు,
ఎక్కాక తీసుకుని పోతాడు.
చదువు రానివాడికీ అర్థమయ్యే లెక్క.

పొద్దున్నే మీటరుకి తాడు కట్టి దించుతాను.
పైన, నడిమిన, అట్టడుగున.
గాలికి అంకెలుంటాయని ఈ డాకులోకి వచ్చాకే తెలిసింది.
మూసిపెట్టిన ఇనప గదిలో
తుప్పు మనకంటే ముందే కూర్చుని
గాలంతా తినేస్తుంది, చప్పుడు లేకుండా.
"పైన బాగానే ఉంది కదా, సంతకం పెట్టేయమ్మా,
టైమవుతోంది" అంటాడు సూపర్‌వైజరు పట్నాల.
టైము ఆయన వాచీలో ఉంది.
మీటరు ఇంకా తాడు మీదే ఉంది.

ట్రైనింగులో ఒక్క మాటే మూడుసార్లు చెప్పించారు:
లోపల ఎవరైనా పడిపోతే కేకెయ్యి. దిగకు.
మిగతావాళ్ళు గొణిగారు, అదేం మనిషితనమని.
నేను గొణగలేదు.
ఫిషింగ్ హార్బరులో మా పెదమావయ్య
బోటు అరలో కుళ్ళిన చేపలు తోడటానికి దిగి పలకలేదు.
అన్న కోసం చినమావయ్య దిగాడు.
అంతే. తాడు తెగలేదు, రక్తం లేదు,
ఇద్దరి మొహాలూ నిద్రపోయినట్టే.
చినమావయ్య చెప్పులు మాత్రం డెక్కు మీద
విడిచినవి విడిచినట్టే, పక్కపక్కన.

మొన్న మంగళవారం సాయంత్రం సైరను మోగింది.
ఒక్కొక్కరే ఎక్కారు, ఒక్కో బిళ్ళా పోయింది.
పదకొండు మిగిలింది.
"బోగేసూ!"
కన్నంలోకి అరిస్తే నా గొంతే
తొట్టి గోడలు తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చింది.
కుడికాలు కన్నం అంచు మీద ఉంది.
ఎప్పుడు పెట్టానో నాకు తెలీదు.
దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాను,
ఎవరి కాలో లాగినట్టు.
ఈల ఊదాను.

పని ఆగింది. క్రేను ఆగింది.
సిలిండర్లు వీపున కట్టుకుని ఇద్దరు దిగారు,
వాళ్ళ బిళ్ళలూ మేకులకెక్కాయి.
నలభై నిమిషాలు.
తొట్టిలో బోగేసు లేడు.
వెనక కన్నంలోంచి ఎక్కి, బిళ్ళ మర్చిపోయి,
సింధియా జంక్షన్లో పునుగులు తింటున్నాడు.

పట్నాల నన్నేమన్నాడో రాయను.
నలభై నిమిషాల క్రేను అద్దె ఎంతో చెప్పాడు,
అది రాయొచ్చు గానీ నాకు గుర్తులేదు.
గుర్తున్నది, డాకు మెట్ల మీదికి
బోగేసుని పట్టుకొచ్చినప్పుడు
వాడి మూతికి అంటిన అల్లం చట్నీ.
అంత అందమైనది నేనీ మధ్య చూడలేదు.
చెంప మీద ఒక్కటిచ్చాను. వాడు మాట్లాడలేదు.

మర్నాటి నుంచి వెనక కన్నం దగ్గర ఇంకో స్టూలు.
బోగేసు ఎక్కగానే బిళ్ళ తీసి
నా కళ్ళ ముందు ఊపి మరీ జేబులో వేసుకుంటున్నాడు, వెధవ.

ఇవాళ సాయంత్రం పలక మీద ఉత్త మేకులు.
"ఏటి జరిగిందే ఇయ్యాల?" ఆడపడుచు అడిగింది.
"ఏటీ జరగనేదు" అన్నాను.
ఇంకొంచెం చారు పొయ్యమన్నాను.